మొగ దాకా గోదావరి
(ఎం.ఎస్. స్వామినాథన్ స్మారకోపన్యాసం)



స్వామినాథన్ గారి పేరు చెప్పగానే గోధుమ, వరి, హరిత విప్లవం గుర్తొస్తాయి. ఆయన 1988లో చెన్నైలో స్థాపించిన పరిశోధన సంస్థ తొలినాళ్ళ నుంచీ మడ అడవుల మీద పని చేసిందన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. 1990లో జపాన్‌లో అంతర్జాతీయ మడ అడవుల సంఘం ఏర్పడితే దానికి తొలి అధ్యక్షులు ఆయనే. సముద్రమట్టం పెరుగుతుందన్న మాట మన పత్రికల్లో ఇంకా అరుదుగా కనపడే రోజులవి. తీరంలోని వరిచేలకు ఉప్పునీరు ఎక్కే కాలం వస్తుందని, అప్పటికి కావలసిన సరంజామా ఇప్పుడే సిద్ధం చేసుకోవాలని ఆయన తలచారు. ఆ సంస్థ శాస్త్రవేత్తలు తెల్లమడ చెట్టు నుంచి ఉప్పును తట్టుకునే జన్యువులను వేరుచేసి వరిలోకి ఎక్కించే ప్రయోగాలు చేశారు. తొంభైల రెండో సగంలో అదే సంస్థ గోదావరి, కృష్ణా మొగలకు వచ్చి, అటవీ శాఖతోనూ మత్స్యకార గ్రామాలతోనూ కలిసి, చచ్చిపోయిన మడ నేలలను తిరిగి బతికించింది. ఆయన స్మృతిలో మాట్లాడమన్నప్పుడు నాకు ముందుగా తట్టింది ఈ పనే.

ఇలాంటి పనులనే ఇవాళ ప్రకృతి ఆధారిత పరిష్కారాలు అంటున్నారు; ఆ మాట ప్రతి పర్యావరణ సదస్సులోనూ వినిపిస్తోంది. 2022 మార్చిలో నైరోబీలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ దానికొక నిర్వచనం కూడా ఇచ్చింది. నిర్వచనాల జోలికి నేను వెళ్ళను. మన గోదావరి మొగలో ఆ మాటకు అర్థం ఒక్కటే అని నా నమ్మకం: నది తెచ్చే మంచినీరు, ఒండ్రు, సముద్రం పంపే పోటు, ఈ మూడూ ఒకదాన్నొకటి కలుసుకునే దారి తెరిచి ఉంచడం. ఆ దారి ఉంటే మడ తనంతట తనే పెరుగుతుంది. లేకపోతే లక్ష మొక్కలు నాటినా దక్కవు. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

గోదావరి ధవళేశ్వరం దగ్గర చీలుతుంది. తూర్పు పాయ గౌతమి. యానాం దాటి భైరవపాలెం దగ్గర సముద్రంలో కలుస్తుంది. కలిసేలోపే కోరంగి ఏరు, గాడేరు ఉత్తరానికి మళ్ళి కాకినాడ అఖాతంలోకి దిగుతాయి. ఈ పాయల మధ్యా చుట్టూ అల్లుకున్నదే మన మడ. అందులో సుమారు 235 చదరపు కిలోమీటర్లను 1978లో కోరంగి అభయారణ్యంగా ప్రకటించారు. అటవీ సర్వే సంస్థ 2021 నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద మడ అడవులు 4,992 చదరపు కిలోమీటర్లు ఉంటే ఆంధ్రప్రదేశ్ వాటా 405. అందులో పెద్ద ముక్క ఇక్కడిదే. తెల్లమడ, నల్లమడ, పొన్న, పాలు కంట్లో పడితే చూపు మసకబారే తిల్ల, వాటి నీడన బావురుపిల్లి, నీటికుక్క, వేళ్ళ సందుల్లో ఎదిగే రొయ్యపిల్లలు, పీతలు.

అఖాతానికి తూర్పున సుమారు 16 కిలోమీటర్ల పొడవున పడుకుని ఉన్నది హోప్ ఐలాండ్. పేరుకు దీవి, నిజానికి ఇసుక దిబ్బ. గౌతమి తెచ్చి పోసిన ఇసుకను నైరుతి గాలుల కాలపు కెరటాలు ఉత్తరానికి తోసుకుంటూ వచ్చి, గత రెండు వందల ఏళ్ళలోపే దీన్ని పేర్చాయి. కాకినాడ రేవు ఈనాటికీ దాని చాటునే ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టేదీ ఆ ఇసుకలోనే. ఒక మహానగరం కోట్లు పోసి కట్టుకోవలసిన రక్షణను నది మనకు ఊరికే ఇచ్చింది. అది నిలవాలన్నా ఇసుక వస్తూనే ఉండాలి.

ఈ తీరానికి ఉప్పెన కొత్తకాదు. కోరంగి ఒకనాడు ఓడలు కట్టే ఊరు. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళందరినీ అక్కడివాళ్ళు కోరంగీలు అనేవారంటే ఈ రేవుకు ఉన్న పేరు తెలుస్తుంది. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి సముద్రం ఆ ఊరిని ముంచింది. సైక్లోన్ అన్న మాటను 1848లో వాడుకలోకి తెచ్చిన హెన్రీ పిడింగ్టన్ రాతల్లో కోరంగి ఉప్పెన ప్రస్తావన ఉంది. పూడిక కూడా తోడై ఆ రేవు మళ్ళీ తేరుకోలేదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ ఏమైందో ఈ సభలో పెద్దవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. భైరవపాలెం, బలుసుతిప్ప ఇళ్ళల్లో ఆ రాత్రి వేటకు వెళ్ళి తిరిగిరానివాళ్ళ ఫొటోలకు ఇంకా దండలు మారుతున్నాయి.

మడ ఉంటే వీళ్ళంతా బతికేవారా? నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. నడిసముద్రంలో ఉన్న పడవను మడ కాపాడలేదు. 2004 డిసెంబరు సునామీ తరవాత, మడ ఉన్న ఊళ్ళు బతికాయని కొన్ని పరిశోధనలు వచ్చాయి. ఆ ఊళ్ళు సముద్రానికి దూరంగా, కాస్త ఎత్తులో ఉండడం వల్ల కూడా బతికి ఉండవచ్చు కదా అని మరికొందరు ప్రశ్నించారు. సరైన ప్రశ్నే. దానికి గట్టి జవాబు ఒడిశా నుంచి వచ్చింది. 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోన్‌లో కేంద్రపడా జిల్లాలోని వందల ఊళ్ళను సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ పరిశీలించారు. దూరం, ఎత్తు వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, సముద్రానికీ ఊరికీ మధ్య మడ వెడల్పు ఎక్కువగా ఉన్నచోట మరణాలు తక్కువగా ఉన్నాయని 2009లో తేల్చారు. ముందస్తు హెచ్చరిక అంతకన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడిందని కూడా వాళ్ళే రాశారు. రెండూ గుర్తుపెట్టుకుందాం. మడ ఉందని తుపాను షెల్టరు మానుకోకూడదు, షెల్టరు ఉందని మడను నరుక్కోకూడదు.

అంకెల్లో చెప్పాలంటే, వంద మీటర్ల మడలోంచి వచ్చేసరికి అలల ఎత్తు 13 నుంచి 66 శాతం దాకా తగ్గుతుంది. ఉప్పెన నీటిమట్టం మాత్రం అంత తేలిగ్గా దిగదు. కిలోమీటరు మడకు 5 నుంచి 50 సెంటీమీటర్ల దాకా తగ్గుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. అంటే గట్టు మీద రెండు వరసలు నాటి ఫొటో తీసుకుంటే ఉప్పెన ఆగదు. వెడల్పు కావాలి, కిలోమీటర్ల వెడల్పు. ఉన్న అడవిలో చచ్చిపోయిన ముక్కలను బతికించుకోవడమే ఆ వెడల్పుకు దగ్గరి దారి.

ఆ చచ్చిన ముక్క ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెబుతాను. పడవలో వెళుతుంటే ఏటి ఒడ్డున మడ పచ్చగా, దట్టంగా కనిపిస్తుంది. దిగి బురదలో లోపలికి నడిస్తే హఠాత్తుగా ఆకాశం తెరుచుకుంటుంది. ఎకరాలకొద్దీ బోడి నేల. వేసవిలో దాని మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. కాలు వేస్తే ఆ పొర చిట్లుతుంది, కింద నల్లటి బంక. అంచుల్లో తెల్లమడ గిడసబారి మోకాలెత్తున ఆగిపోయి ఉంటుంది. ఇలకూర ఒక్కటే ఎర్రగా పాకుతూ ఉంటుంది. చుట్టూ నీరున్నా ఆ మధ్య భాగం ఎడారి.

పూర్వం మడను కూపులుగా విడదీసి వంతులవారీగా నరికేవారు. కూపు మొత్తం నరికేసరికి ఎండ తిన్నగా నేల మీద పడింది. బంకమట్టి ఎండి కుంగింది. చుట్టుపక్కల నేలకన్నా కాస్త పల్లమై, పళ్ళెంలా తయారైంది. పున్నమికో అమావాస్యకో పెద్ద పోటు ఎక్కినప్పుడు నీరు అందులోకి వస్తుంది. పాటు తీసినప్పుడు బయటికి పోయే దారి లేదు. అక్కడే నిలిచి ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. తరవాతి పోటుకు ఇంకాస్త ఉప్పు. కొన్నేళ్ళకు సముద్రపు నీటికన్నా అక్కడి మట్టే ఉప్పగా మారుతుంది. ఉప్పును తట్టుకోవడానికే పుట్టిన మడ కూడా అక్కడ మొలకెత్తలేదు. ఊరివాళ్ళ గేదెలు, పొయ్యికింద కట్టెలు ఈ నాశనానికి మూలమని చాలాకాలం అనుకున్నారు. వాటి పాత్ర ఉంది, కానీ అసలు జబ్బు నీటి నడకలో ఉందని స్వామినాథన్ సంస్థ పరిశోధకులు పట్టుకున్నారు. నిందను ఊరి మీద నుంచి తీసి నేల మీదకు, నీటి మీదకు మళ్ళించిన ఆ నిర్ధారణ నా దృష్టిలో చెట్లు నాటడంకన్నా పెద్ద పని.

మందు కూడా నీటిలోనే ఉంది. ఏటి నుంచి పల్లంలోకి ఒక పెద్ద కాలువ తవ్వారు. దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు తీశారు. పైనుంచి చూస్తే చేపముల్లు ఆకారం, అందుకే ఫిష్‌బోన్ కాలువలు అన్నారు. గట్లు విరిగి పడకుండా పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా తవ్వారు. పోటుకు నీరు పల్లమంతా పరుచుకుంటుంది, పాటుకు ఉప్పును కడుక్కుని వెళ్ళిపోతుంది. మట్టి మెత్తబడ్డాక కాలువ ఒడ్డు వాలు మీద, రోజూ పోటు తాకే ఎత్తు చూసి, తెల్లమడ మొక్కలు పెట్టారు. ఆ ఎత్తు తప్పితే మొక్క మునిగైనా చస్తుంది, ఎండైనా చస్తుంది. ఏ పోటు ఎంతవరకు వస్తుందో, నీరు ఎక్కడ నిలిచిపోతుందో మత్స్యకారులకు తెలిసినంత బాగా మరెవరికీ తెలియదు. అలా వందల హెక్టార్లు తిరిగి పచ్చబడ్డాయి. చెట్లు కాస్త ఎదిగాక విత్తనాలు నీటిలో తేలివచ్చి, నాటనిచోట కూడా మొలిచాయి.

దీనికి ఎదురు ఉదాహరణ పక్క దేశంలోనే ఉంది. సునామీ తరవాత శ్రీలంకలో ఎంతో ఆర్తితో మడ నాటారు. తరవాత పరిశోధకులు వెళ్ళి 23 చోట్ల చూస్తే తొమ్మిదిచోట్ల ఒక్క మొక్క కూడా బతికిలేదు. నాటిన వెయ్యి పైచిలుకు హెక్టార్లలో నిలిచింది సుమారు 200. నేల ఎత్తు చూడలేదు, నీటి దారి చూడలేదు, నాటిన తరవాత వెనక్కి తిరిగి చూడలేదు. అమెరికాలో ఫ్లోరిడాకు చెందిన రాబిన్ లూయిస్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలపాటు ఇదే మొత్తుకున్నారు: ముందు నీటిని సరిచేయండి, విత్తనం సంగతి పోటు చూసుకుంటుంది.

మన కాలువలకూ ఒక బలహీనత ఉంది. అవి పూడుకుపోతాయి. కొన్నేళ్ళకోసారి బురద తీయకపోతే పల్లం మళ్ళీ మొదటికొస్తుంది. తవ్వడానికి ప్రాజెక్టు ఉంటుంది, నిధులు ఉంటాయి, ప్రారంభోత్సవం ఉంటుంది. పూడిక తీయడానికి ఏవీ ఉండవు.

ఇంతవరకూ చెప్పింది పోటు సంగతి. ఇక నది సంగతి.

మడ బతికేది ఒండ్రు మీద. సముద్రమట్టం ఏటా కొద్దికొద్దిగా పెరుగుతుంటే, మడ కింద నేల కూడా ఒండ్రు పట్టుకుని దాంతోపాటు లేవాలి. లేవలేకపోతే అడవి నిలువునా మునుగుతుంది. గోదావరి సముద్రానికి తెచ్చే ఒండ్రు 1970లలో ఏటా సగటున 15 కోట్ల టన్నులు. 2000–2006 మధ్య అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. మిగిలింది జయక్‌వాడి నుంచి శ్రీరామసాగర్ దాకా నది పొడవునా, ఉపనదుల మీదా కట్టిన ఆనకట్టల వెనక ఆగిపోతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు హేమమాలిని, నాగేశ్వరరావు 1976 నుంచి 2001 వరకు ఉపగ్రహ చిత్రాలు పోల్చిచూసి, గోదావరి డెల్టా అంచున నికరంగా 1,836 హెక్టార్ల నేల సముద్రంలో కలిసిందని లెక్కతీశారు. ముందుకు పెరగాల్సిన డెల్టా వెనక్కి నడుస్తోంది. ఈ అంకెలు చదివినప్పటి నుంచి మొక్కల పండుగలు చూస్తే నాకు బెంగగా ఉంటుంది. అడుగున నేల కరిగిపోతుంటే పైన మొక్క ఏం నిలుస్తుంది?

మంచినీటి కథా అంతే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వరద వస్తుంది. వేసవి నెలల్లో ధవళేశ్వరం దిగువకు వచ్చే నీరు దాదాపు ఉండదు. ఉన్నదంతా కాలువలకు వెళుతుంది. గౌతమి పాయలో ఉప్పు పైకి పైకి ఎగబాకుతుంది. కాటన్ దొర 1847–52 మధ్య కట్టిన ఆనకట్టతో ఈ డెల్టా అన్నం తింది, మా తాతలు తిన్నారు, నేనూ తిన్నాను. దాన్ని తప్పుపట్టే మాట నా నోట రాదు. కానీ గోదావరి నీరు వృథాగా సముద్రం పాలవుతోందని వేదికల మీద ఎవరైనా అన్నప్పుడు నా మనసు ఒప్పుకోదు. పులసను అడగండి. సముద్రంలో తిరిగే చేప ఎర్రనీటి వరద తగిలితేనే ఏటికి ఎదురీది, మంచినీటిలో గుడ్లు పెడుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని చెప్పుకునే జిల్లా మనది. ఆ పులస ఇవాళ ఎంత అరుదైపోయిందో మన చేపల రేవుల్లో పాట పలికే ధరే చెబుతుంది. అఖాతంలో బుడితగుల్లలు, మడ కాలువల్లో రొయ్యపిల్లలు, తీరం దాటి పడే చేప, అన్నింటికీ మేత ఆ వరదలో వచ్చేదే. సముద్రంలో కలిసే నీరు ఇక్కడ లక్షల నోళ్ళకు తిండి పెడుతోంది.

2025లో పోలవరం నుంచి బనకచర్లకు 200 టీఎంసీలు తీసుకెళ్ళే ప్రతిపాదన మీద చర్చ నడిచింది. రాయలసీమ దప్పికను తక్కువచేసి మాట్లాడడం పాపం. నేను అడిగేది ఒక్కటే. మిగులు జలాలు ఇన్ని అని తేల్చేముందు మొగకు ఏ నెలలో ఎంత నీరు, ఎంత ఒండ్రు కావాలో శాస్త్రీయంగా లెక్కవేసి, ఆ వాటా ముందుగా పక్కన పెట్టాలి. అది తీశాక మిగిలిందే మిగులు. పోలవరం జలాశయం నిండటం మొదలయ్యాక ఒండ్రు ఇంకా తగ్గుతుంది. వరద తొలిరోజుల్లో బురదనీటిని ఆపకుండా కిందికి వదిలే పద్ధతిని గేట్ల నిర్వహణ నియమాల్లోనే రాయాలి. ఇప్పుడు రాయకపోతే తరవాత రాయించడం ఎంత కష్టమో నీటిపారుదల శాఖలో పనిచేసినవారికి తెలుసు.

కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ గురించి అడుగుతారని తెలుసు. అక్కడ సముద్రం ఏళ్ళ తరబడి ఊరిని కోస్తోంది. రాళ్ళు పోశారు, జియోట్యూబులు వేశారు. పెద్ద తుపాను వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు తెగుతూనే ఉంది. అక్కడ మడ నాటమని నేను అనను. అది ఇసుక తీరం, కెరటం తిన్నగా వచ్చి కొడుతుంది. దక్షిణం నుంచి రావలసిన ఇసుక మధ్యలో ఆగిపోవడమే దాని రోగం. ఆ ఇసుకను చేర్చాలి. ఇంకా మిగిలిన దిబ్బలను తవ్వకుండా వదలాలి. దిబ్బను పట్టి ఉంచేవి రావణాసురుడి మీసాలు, బాలబంది తీగ. అవి ఉన్నచోట నేల చదునుచేసి సరుగుడు నాటడం కన్నా వాటిని అలాగే పాకనివ్వడం మేలు.

చివరిగా ఊళ్ళ సంగతి. టైగర్ రొయ్య జోరులో తీరమంతా చెరువులు తవ్వారు. తెల్లమచ్చల వ్యాధి వచ్చి ఎందరో దివాలా తీశారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగు మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. ఆ కాలంలో వదిలేసిన చెరువుల్లో పోటు అందే చోట ఉన్నవి మడకు తిరిగి ఇవ్వదగిన నేల. గట్టును సరైనచోట తెంచి నీటిని రానిస్తే చాలా భాగం పని పోటే చేస్తుంది. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర పేదల ఇళ్ళ స్థలాల కోసం మడ నేలను చదును చేయడం మీద వివాదం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఇల్లు లేనివాడికి ఇల్లు కావాలి, అందులో సందేహం లేదు. కానీ ఉప్పెన మొదట ఎక్కే నేలను ఏరి పేదవాడికి ఇవ్వడం అతనికి చేసే మేలు ఎలా అవుతుంది? ఎత్తయిన నేల ఖరీదైనదే. ఆ ఖరీదు ప్రభుత్వమే పెట్టాలి.

2023లో కేంద్రం మిష్టి పథకం ప్రకటించినప్పుడు కాంపా (పరిహార అటవీకరణ) నిధులు, ఉపాధి హామీ పనులు కలిపి మడ పెంచుతామని చెప్పింది. మన జిల్లాలకు వచ్చే ఆ డబ్బులో మూడోవంతు, కొత్త మొక్కలకు కాకుండా, పాత ఫిష్‌బోన్ కాలువల పూడికతీతకు విడిగా పద్దు వేయమని నా మనవి. ఆ కూలి పని గాడిమొగ, భైరవపాలెం, బలుసుతిప్ప, చొల్లంగి ఊళ్ళవాళ్ళకే, వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేతిలో డబ్బు ఆడని ఆ రెండు నెలల్లో ఇవ్వాలి. ఏ కాలువ ముందు తీయాలో, ఎక్కడ గండి పెట్టాలో చెప్పే అధికారం గ్రామ సంఘానికి ఉండాలి. సంఘంలో సగం మంది ఆడవాళ్ళు కావాలి, ఎందుకంటే పీతలు, గుల్లలు ఏరడానికి ఆ బురదలో రోజూ దిగేది వాళ్ళు. ఈ కోరికలను కాగితం మీద పెట్టి సభాధ్యక్షులకు ఇస్తున్నాను. సభ ఆమోదిస్తే రెండు జిల్లాల కలెక్టర్లకు, నీటిపారుదల శాఖకు పంపుదాం.